శిలాఫలకం మీద లేని పేర్లు

మన గుళ్లలో మండపం కప్పుకు వేలాడే ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు ఉంటుంది. బస్టాపులో సిమెంటు బల్ల మీద, మంచినీళ్ల ట్యాంకు మీద, శ్మశానం గేటు మీద ఉంటుంది. ఇచ్చినవాళ్ల పేరు రాసుకోవడం మన ఊళ్ల మర్యాద, అందులో తప్పేమీ లేదు. ఆటస్థలం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఈ మర్యాద దారి తప్పుతుంది. గేటు పక్కన నల్లరాయి మీద ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, గౌరవ అతిథుల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. ఆ స్థలంలో ఆడి జిల్లాకో రాష్ట్రానికో పేరు తెచ్చినవాళ్లు ఆ రాతి మీద కనపడరు. హెడ్‌మాస్టరు గదిలో అద్దాల బీరువా చూడండి. వెండి రంగు వెలిసిపోయిన షీల్డుల మీద టోర్నమెంటు పేరు, సంవత్సరం, ‘విజేత’ అన్న మాట ఉంటాయి. ఆ ఏడాది కబడ్డీ బరిలోకి దిగిన ఏడుగురు ఎవరో షీల్డు చెప్పదు. ఆ ఏడుగురిలో ఒకరు పోయినప్పుడు సెంటర్లో అశ్రునివాళి ఫ్లెక్సీ కడతారు. వాన వచ్చేదాకా అది ఉంటుంది.

ఆటగాడు పోయాక మిగిలేదాన్ని మనం వారసత్వం అంటాం. అతను వేసిన గోలులోనో ఎత్తిన బరువులోనో ఆ వారసత్వం దానంతటది నిలవదు. వెనకవాళ్లు రాసిపెడితే నిలుస్తుంది, అతని పేరున ఏటేటా ఒక పని జరిగితే నిలుస్తుంది, అతని చావు నుంచి రేపటి ఆటగాణ్ని కాపాడే ఒక నిబంధన పుడితే నిలుస్తుంది. తెలుగు నేల మీద ఆటగాళ్లకు కొదవ ఎన్నడూ లేదు. కొరవడింది ఈ రాసిపెట్టే పని, నేర్చుకునే పని. రెండూ పెద్ద డబ్బుతో పని లేనివే.

మనకు ఏ సంబంధమూ లేని ఒక ఆటను చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. మంచు గడ్డకట్టిన నేల మీద, కాళ్లకు ఉక్కు అంచుల బూట్లు కట్టుకుని, నల్లటి రబ్బరు బిళ్లను కర్రలతో తరుముతూ ఆడే ఐస్ హాకీ కెనడా వాళ్లకు ప్రాణం. ఆ ఆటలో పెద్ద బహుమతి స్టాన్లీ కప్పు. 1892లో కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ ఇచ్చిన చిన్న వెండి గిన్నె అది. దాని కింద వెండి పట్టీలు చేర్చుకుంటూ పోయారు. గెలిచిన జట్టులో ప్రతి ఆటగాడి పేరునూ ఆ పట్టీ మీద చిన్న సుత్తితో అక్షరం తర్వాత అక్షరం కొట్టి దించుతారు. పట్టీలు నిండిపోతే అన్నిటికంటే పాతదాన్ని తీసి టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో భద్రపరిచి, కింద కొత్తది బిగిస్తారు. పాత పేర్లు చెరిపి కొత్తవి రాయడం ఉండదు.

ఆ పట్టీల మీది పేర్లలో బిల్ బారిల్కో ఒకరు. 1951 ఏప్రిల్‌లో ఫైనల్ ఆఖరి మ్యాచ్‌లో అదనపు సమయంలో గోలు వేసి టొరంటో మేపుల్ లీఫ్స్‌కు కప్పు తెచ్చిపెట్టాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో చేపల వేటకని స్నేహితుడితో చిన్న విమానంలో వెళ్లి తిరిగి రాలేదు. విమానం శిథిలాలు అడవిలో దొరికింది 1962లో. ఆ పదకొండేళ్లూ మనిషి ఏమయ్యాడో తెలియకపోయినా పేరు కప్పు మీదే ఉంది. అతను వేసుకున్న 5వ నంబరు చొక్కాను ఆ జట్టు తర్వాత ఎవరికీ ఇవ్వలేదు. ఈ పనికి అయిన ఖర్చు ఎంత? పేరు కొట్టినవాడి కూలి, ఒక అంకెను పక్కన పెట్టాలన్న నిర్ణయం. అంతే.

పేరు నిలపడం కంటే పెద్ద పని ఇంకోటి ఉంది. 1968 జనవరి 13న మిన్నెసోటా జట్టు ఆటగాడు బిల్ మాస్టర్టన్ ఆటలో వెనక్కి పడి, తల మంచుకు బలంగా తగిలి, రెండు రోజుల తర్వాత చనిపోయాడు. వయసు 29. ఆ రోజుల్లో చాలామంది లాగే అతని తల మీద హెల్మెట్ లేదు. ఆ ఏడాదే అతని పేరున ఒక ట్రోఫీ పెట్టారు. పట్టుదలతో, క్రీడాస్ఫూర్తితో, ఆట మీద అంకితభావంతో నిలిచిన ఆటగాడికి ఏటా దాన్ని ఇస్తారు. హెల్మెట్ తప్పనిసరి కావడానికి మాత్రం పదకొండేళ్లు పట్టింది. 1979 నుంచి కొత్తగా ఒప్పందం చేసుకునే ఆటగాళ్లందరికీ అన్నారు, పాతవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. హెల్మెట్ లేకుండా ఆడిన చివరి ఆటగాడు 1997లో రిటైరయ్యాడు. తలకు టోపీ పెట్టుకోవడం పిరికితనమని ఆటగాళ్లలోనే చాలామంది అనుకోవడం వల్ల అంత ఆలస్యం. 2023 అక్టోబరు 28న ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆడం జాన్సన్ అనే 29 ఏళ్ల ఆటగాడు ఎదుటి ఆటగాడి బూటు అంచు తగిలి మెడ తెగి చనిపోయినప్పుడు అంత కాలం ఆగలేదు. కొద్ది నెలల్లోనే అతను ఆడిన లీగులో మెడ పట్టీ తప్పనిసరి అయింది, అంతర్జాతీయ సమాఖ్య కూడా తన పోటీలన్నిటికీ ఆ నిబంధన పెట్టింది. ఇవాళ మెడకు పట్టీ కట్టుకుని మంచు మీదకు దిగే ప్రతి కుర్రాడికీ జాన్సన్ ఏదో ఒకటి ఇచ్చి పోయినట్టే. క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 2014 నవంబరులో ఫిలిప్ హ్యూజ్ మెడకు బంతి తగిలి పోయాకే తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు మరొకర్ని దింపవచ్చన్న ఆలోచనకు ఊపు వచ్చింది, 2019 నాటికి అది టెస్టుల్లో నిబంధన అయింది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. సంక్రాంతి వచ్చిందంటే తీరం పొడవునా ఊళ్లలో ఫ్లడ్‌లైట్లు కట్టి కబడ్డీ ఆడతారు. ఎక్కడో ఒక చోట చాప పరుస్తారు, చాలాచోట్ల దున్ని చదును చేసిన నేలే బరి. కూతకు వెళ్లినవాణ్ని నలుగురు మీద పడి నొక్కినప్పుడు తల నేలకు కొట్టుకుంటుంది, ఛాతీ మీద మోకాలు పడుతుంది. ఆ దెబ్బను అక్కడికక్కడ చూడగల మనిషి ఆ మైదానంలో ఉన్నాడా, అంబులెన్సు ఎంత దూరంలో ఉంది అన్నది నిర్వాహకులు ముందుగా వేసుకునే ప్రశ్నల్లో ఉండాలి. లైట్లకు, మైకుకు, బహుమతికి, భోజనాలకు చందాల పుస్తకంలో ఖాతాలు ఉంటాయి. వైద్యానికీ ఒక ఖాతా తెరవాలి. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. జాతీయ స్థాయి పోటీకే అలా జరిగితే ఊరి పోటీ సంగతి చెప్పనక్కర్లేదు. చావు జరిగిన చోట మనం విధి అంటాం, కుటుంబానికి చందా ఎత్తుతాం, ఆ ఏడాదికి పోటీ ఆపుతాం. మరుసటి ఏడు అదే నేల, అదే పద్ధతి. దుఃఖంలో లోటు లేదు. ఆ దుఃఖం నిబంధనగా మారే దారి మాత్రం మన దగ్గర ఎవరూ వేయలేదు.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో మన ఘనుల జీవితాలే చెబుతాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు బలం గురించి తెలుగునాట వినని ఇల్లు ఉండదు. ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్నాడని, గొలుసులు కట్టిన కార్లను కదలకుండా పట్టాడని, కలియుగ భీముడని చెప్పుకుంటాం. 1942లో ఆయన ఒడిశాలోని బలాంగీర్‌లో పోయారు. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. అయినా ఆయన ఏ ఏడు ఏ ఊళ్లో ఏ బరువు ఎత్తారు, ఎలాంటి సాధన చేశారు, ఏం తిన్నారు, ఎవరికి నేర్పారు అని ఇవాళ బరువులెత్తే కుర్రాడు అడిగితే చేతిలో పెట్టడానికి మన దగ్గర కథలే ఉన్నాయి. కథ గొప్పదే, పిల్లవాడికి రెక్కలు ఇస్తుంది. మెట్లు ఇవ్వదు. ఆయన విజయనగరంలో వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడు కూడా. ఒక ఉపాధ్యాయుడి పద్ధతి కాగితం మీదకు ఎక్కి ఉంటే ఆ విద్య ఎన్ని తరాలు నడిచేదో ఆలోచించండి.

కృష్ణా జిల్లా గంగూరుకు చెందిన దండమూడి రాజగోపాలరావు కథ ఇంకో రకం. బరువులెత్తడంలో జాతీయ ఛాంపియన్, ఆంధ్ర భీముడని పేరు. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. కానీ ఆయన్ను జనం గుర్తుపట్టేది 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడి వేషంతో. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా ఆ రూపం మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. ఆయన నిజంగా ఎత్తిన బరువులు ఎన్ని కిలోలో చెప్పగలిగేవాళ్లు ఆ స్టేడియంలో షటిల్ ఆడేవాళ్లలో ఎంతమంది ఉంటారు? సినిమాను రీలు మీద దాచారు కాబట్టి వేషం మిగిలింది. జీవితమంతా చేసిన అసలు పనిని అలా దాచినవాళ్లు లేరు. ఆయన ప్రతిభలో ఏ లోపమూ లేదు, లోపం వెనక ఉన్నవాళ్లది.

దీనికి ఎదురుగా పెట్టుకోదగ్గ మంచి ఉదాహరణ కూడా మనవాళ్లదే. కర్నల్ సి.కె. నాయుడు నాగపూర్‌లో పుట్టినా కుటుంబం మచిలీపట్నం మూలాలున్నది. 1932లో లార్డ్స్‌లో భారత జట్టు మొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే. యాభై ఏళ్లు దాటాక, ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ఆడిన 1953–54లో దానికీ నాయకత్వం వహించారు. 1967 నవంబరు 14న ఇండోరులో కన్నుమూశారు. ఇవాళ 23 ఏళ్ల లోపు కుర్రాళ్లు రాష్ట్రాల తరఫున ఆడే పోటీ సి.కె. నాయుడు ట్రోఫీ. ఆయన ఆట చూసినవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. అయినా గుంటూరు నుంచో కడప నుంచో ఒక కుర్రాడు తన స్కోరు చెప్పుకునేటప్పుడు ‘సీకే నాయుడులో వంద కొట్టాను’ అంటాడు. ఆ పేరు అతని నోట్లో జ్ఞాపకంగా కాక వాడుక మాటగా ఉంది. పోయినవాళ్ల పేరు బతికే పద్ధతుల్లో దీనికి మించినది లేదని నా నమ్మకం. విగ్రహానికి ఏడాదికి ఒక పూలదండ పడుతుంది. ట్రోఫీ అయితే ప్రతి సీజనులో కుర్రాళ్ల నోట పలుకుతుంది.

2023లో హైదరాబాద్ నేల పెంచిన ఇద్దరు ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఆరు నెలల తేడాతో పోయారు. ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం, ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్. సికిందరాబాద్ అమ్ముగూడలో పెరిగిన బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానాల్సి వచ్చింది. అర్జున అవార్డు వచ్చింది గానీ పద్మ పురస్కారం బతికుండగా రాలేదు. బెంగాల్‌లోనే స్థిరపడి కోల్‌కతాలో కన్నుమూశారు. హబీబ్ 1977లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు వేసినవారు. హైదరాబాద్‌లోనే పోయారు. కోల్‌కతా వాళ్లకు ఆయన ‘బడే మియా’. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, బెంగాల్ ప్రభుత్వం ఆయన్ను పిలిచి సత్కరించాయి. పుట్టి పెరిగిన నగరంలో కొత్త తరానికి ఆ పేరు ఎంత తెలుసో నేను చెప్పనక్కర్లేదు. కోల్‌కతాలో అభిమానం ఎక్కువ, ఇక్కడ తక్కువ అని సరిపెట్టుకుంటాం గానీ అసలు తేడా వేరే ఉంది. అక్కడ క్లబ్బులు వందేళ్లుగా ఎవరు ఏ ఏడు ఆడారో రాసుకుంటూ బతికున్నాయి. ఇక్కడ ఆటగాళ్లను తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు లాంటివి వాడిపోయాయి. జట్టుతో పాటే దాని జ్ఞాపకమూ పోయింది. ఆ తరానికి గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1951, 1962 ఆసియా క్రీడల బంగారు పతకాలు ఆయన శిక్షణలోనివే. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు. దేశం మళ్లీ ఆయన పేరు గట్టిగా తలుచుకుంది 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక, అంటే అరవై ఏళ్లకు పైగా గడిచాక.

హైదరాబాద్ సంగతే ఇలా ఉంటే చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు సంగతి ఇంకా కష్టం. దానికి ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. చీరాల కుర్రాడు 1965లో వాలీబాల్ ఆడితే గుంటూరు జిల్లా జట్టుకు ఆడాడు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, తర్వాత దానికి ప్రకాశం అని పేరు మారింది. 1975లో అదే వీధి కుర్రాడు ఆ జిల్లాకు ఆడాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. రేపల్లె, బాపట్ల గుంటూరు నుంచి ఇటు వచ్చాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అంటే ఒక్క ఊరి ఆటగాళ్ల చరిత్ర మూడు జిల్లాల కాగితాల్లో చీలిపోయి ఉంది. మూడు చోట్లా అది ‘పక్క జిల్లా’ వాళ్ల చరిత్రే. జిల్లాలు మార్చడం పరిపాలన సౌలభ్యం కోసమే కావచ్చు, కానీ ఫైళ్లు అటూ ఇటూ కదిలినప్పుడు మొదట జారిపోయేది ఇలాంటి వివరమే. దీనికి తోడు సముద్రం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల వైపు కూడా విరుచుకుపడింది. పదివేలమందికి పైగా ప్రాణాలు పోయిన ఆ రాత్రి ఇళ్లలో సర్టిఫికెట్ల గురించి ఎవరు ఆలోచిస్తారు? ఉప్పు గాలికి ట్రంకు పెట్టెలోని కాగితం కూడా పాడయ్యే తీరం ఇది. ఇక్కడ ఆటగాడి పేరు కాగితానికే వదిలేస్తే చాలదు.

బాపట్ల నుంచి చీరాల వచ్చే రైలు దారిలో స్టువర్టుపురం స్టేషను వస్తుంది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి, 1913లో వేయించిన సెటిల్‌మెంటు అది. ఆ చట్టం 1952లో పోయింది, దొంగలన్న ముద్ర పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతో ఒక సినిమా, 2023లో ఆ ఊరి దొంగ పేరుతో ఇంకో సినిమా వచ్చాయి. ఆ రెంటికీ మధ్య, 2018 ఏప్రిల్‌లో, ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. అంతకు నాలుగేళ్ల ముందు నాంజింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చాడు. ఒక ఊరి గురించి లోకం రెండు కథలు వింటే ఏ కథ నిలుస్తుంది? తెర మీద పదేపదే చెప్పింది నిలుస్తుంది. రాహుల్ యువకుడు, నిండు నూరేళ్లూ ఉండాలి. అందుకే ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను. వారసత్వం అనగానే చావు తర్వాతి సంగతి అనుకోవడమే మన మొదటి పొరపాటు. స్టాన్లీ కప్పు మీద పేర్లు గెలిచిన ఏడాదే కొడతారు, పోయిన ఏడాది కాదు. 338 అన్న అంకె ఆ స్టేషను ప్లాట్‌ఫారం మీద, ఆ ఊరి బడి గోడ మీద కనపడితే, రైలు కిటికీలోంచి చూసేవాళ్లకు ఊరి పేరుతో పాటు వెంటనే తోచే మాట మారుతుంది.

ఇలా పేర్లు రాసిపెట్టడం మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఆకలికి సంబంధించింది. ముసలితనంలో మందులకు డబ్బుల్లేని ఆటగాడికి బోర్డు మీద పేరెందుకు, పింఛను ఇవ్వండి అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, పింఛనుకు బదులుగా పేరు చాలని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకోను. కానీ పింఛను ఎలా వస్తుందో చూడండి. ఇబ్బందుల్లో ఉన్న క్రీడాకారులను ఆదుకోవడానికి కేంద్రంలో 1982 నుంచి ఒక సంక్షేమ నిధి ఉంది, పతక విజేతలకు పింఛను పథకం వేరే ఉంది. వాటికి దరఖాస్తు పెట్టాలంటే ఏ ఏడు, ఏ పోటీలో, ఏ స్థానంలో నిలిచారో ఆధారం కావాలి. ఆ కాగితం ఉప్పెనలో పోయినవాడికి, మూడు జిల్లాల మధ్య చిక్కుకున్నవాడికి పథకం ఉండీ లేనట్టే. భర్త పోయాక ఇంటావిడ కార్యాలయాల చుట్టూ తిరిగేటప్పుడు ఆమె చేతిలో ఉండాల్సిందీ అదే ఆధారం. కాబట్టి పేరు రాయడం అన్నం పెట్టే పనికి అడ్డం కాదు, దానికి మొదటి మెట్టు.

రెండోది మన రాష్ట్రంలో ఎవరైనా ముందే ఊహించగల అభ్యంతరం. పేరు పెట్టడం మొదలుపెడితే ఎవరి పేరు, ఏ కులం, ఏ పార్టీ అన్న గొడవ వస్తుంది, ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది. నిజమే, విగ్రహాల విషయంలో ఇది చూస్తూనే ఉన్నాం. విగ్రహం ఒక్కరిని ఎంచుకోమంటుంది కనుక తగాదా. జాబితా ఎవర్నీ ఎంచుకోదు. బడి తరఫున జిల్లాకు ఆడినవాళ్లందరి పేర్లూ ఏడాది వరసన రాస్తే అందులో కాపు పక్కన మాల, పద్మశాలి పక్కన ఎరుకల, ముస్లిం పక్కన కమ్మ వాళ్లంతట వాళ్లే వస్తారు. ఎందుకంటే జట్టులో అలాగే నిలబడ్డారు. నిజానికి మన ఊళ్లలో అన్ని కులాల పేర్లు ఒకే వరసలో, ఏ హెచ్చుతగ్గులూ లేకుండా కనపడే చోటు ఆటల జాబితా ఒక్కటే కాగలదేమో. ఆడపిల్లల పేర్లు కూడా అక్కడ ఉంటాయి. పెళ్లయి ఇంటిపేరు మారి ఊరు మారిన అమ్మాయి ఒకప్పుడు రాష్ట్రానికి ఖోఖో ఆడిందని ఆమె పిల్లలకు తెలియజెప్పే చోటు ఇంకెక్కడుంది?

స్టాన్లీ కప్పు కోసం ఆడే, డాలర్లు పొర్లే లీగుతో మనకు పోలికేంటి అనేవాళ్లకు ఒక్క మాట. ఆ లీగు అన్నిటా ఆదర్శమని నేను చెప్పడం లేదు. 2011లో 28 ఏళ్లకే పోయిన డెరెక్ బుగార్డ్ అనే ఆటగాడి పని జట్టు తరఫున ముష్టియుద్ధం చేయడం. పోయాక బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షిస్తే, పదేపదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే జబ్బు మెదడులో కనపడింది. దెబ్బలకూ జబ్బుకూ లంకె ఉందని ఒప్పుకోకుండా ఆ లీగు ఏళ్ల తరబడి వాదించింది. 2018లో మాజీ ఆటగాళ్ల వ్యాజ్యాన్ని సుమారు 1.9 కోట్ల డాలర్లతో, తప్పు ఒప్పుకోకుండానే పరిష్కరించుకుంది. అంటే పేరు వెండి మీద చెక్కే చేతులే గాయాన్ని దాచిపెట్టగలవు. నా వాదనకు ఇది ఎదురు కాదు, బలమే. నివాళి ఒక్కటే చాలదు, చావుకు కారణం కూడా రాసిపెట్టాలి. బుగార్డ్ కుటుంబం మెదడును పరీక్షకు ఇచ్చింది కాబట్టి ఆ నిజం బయటపడింది. మన కబడ్డీ బరిలో కుర్రాడు కూలిపోతే తల దెబ్బా, గుండె ఆగడమా, వడదెబ్బా అన్నది ఎక్కడా నమోదు కాకపోతే, రేపటి పోటీలో ఏం మార్చాలో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

ఊరికి తెలుసు కదా, జనం నోళ్లలో ఉంటారు కదా అన్న మాట కూడా వినపడుతుంది. నోటి మాట మీద మనకున్న ప్రేమ గొప్పది. కానీ అది రెండు తరాలకు మించి నడిచేసరికి మనిషి భీముడవుతాడు, అంకెలు రాలిపోతాయి, పక్కన నిలబడ్డ ఆరుగురు మాయమవుతారు. చీరాల–పేరాల ఉద్యమంలో 1921లో జనం ఇళ్లు వదిలి రామనగరం పాకల్లో పదకొండు నెలలు ఉన్నారని మనం ఇవాళ చెప్పగలుగుతున్నామంటే ఆ ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు. అప్పటివాళ్లు రాశారు, పత్రికలు అచ్చువేశాయి, రికార్డులు మిగిలాయి.

చేయాల్సింది పెద్దదేం కాదు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక గోడ, దాని మీద గ్రానైటు పలక, తీరం గాలికి చెరగని చెక్కుడు అక్షరాలు. ప్రారంభోత్సవాలకు రాళ్లు చెక్కే మేస్త్రీలు మన సెంటర్లలోనే ఉన్నారు. మండలానికి ఒక రిజిస్టరు, దాని నకలు జిల్లా క్రీడా కార్యాలయంలో, ఇంకో నకలు గ్రంథాలయంలో. ఊరి టోర్నమెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడే ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, వాహనం, మెత్తటి బరి ఉన్నాయో లేదో చూడాలి. ప్రమాదం జరిగితే కారణం రాసి జిల్లా సంఘానికి పంపాలి. ఊళ్లో ఏటా పెట్టే కబడ్డీ కప్పుకు పోయిన ఆటగాడి పేరు పెట్టాలి. చందా ఇచ్చినవారి పేరు కింద ఉంటే ఎవరికీ నష్టం లేదు.

చీరాల, వేటపాలెం, బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపక్కల బడుల్లో డ్రిల్లు మాస్టర్లుగా చేసి రిటైరైనవాళ్లు ఇంకా ఉన్నారు. షీల్డు మీద లేని ఏడు పేర్లూ వాళ్లకు నోటికి వచ్చు. ఎవరు కూతకు వెళ్లేవారు, ఎవరి మోకాలు పోయింది, ఎవరు కాలం చేశారు, అన్నీ చెబుతారు. వాళ్ల వయసు డెబ్బై, ఎనభై దాటింది. హెడ్‌మాస్టర్లు ఈ సంక్రాంతి సెలవుల్లోపు ఆ బీరువా తాళం తీసి, ఒక్కో షీల్డు బయట పెట్టి, ఆ మాస్టార్ని బడికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. మీ ఇంట్లో నాన్నగారిదో మేనత్తదో పాత ఆటల సర్టిఫికెట్ ఉంటే దాన్ని ఫోటో తీసి ఆ బడికి చేర్చండి.